నెట్ న్యూట్రాలిటీ అడుగుతూ సెన్సార్‌షిప్ వద్దనడం రెండు నాల్కల ధోరణా?

మీరు అడిగింది ఇదీ: నెట్ న్యూట్రాలిటీ కావాలని, అంటే నెట్‌లో వెళ్లే దేన్నైనా కంపెనీలు ఒకేలా పంపాలని, టెలికం కంపెనీలను కట్టడి చేయమని ప్రభుత్వాన్ని పిలిచేది వీళ్లే, కంటెంట్ జోలికి మాత్రం రావొద్దని అదే ప్రభుత్వాన్ని తోసేసేదీ వీళ్లే, ఇదేం న్యాయం అని. న్యాయమేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఇంటర్నెట్ కంటే ముందు కేబుల్ టీవీ సంగతి చెప్పాలి. నేను ఆ లైనులోంచే వచ్చాను. నరసాపురంలో కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పనికి చేరి, తర్వాత అదే ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెడితే ఇటు మారాను.

డిజిటల్ బాక్సులు రాకముందు కంట్రోల్ రూమ్‌లో ఒక్కో ఛానెల్‌కు ఒక్కో మాడ్యులేటర్ ఉండేది. దాన్ని ఏ ఫ్రీక్వెన్సీలో పెడితే జనం టీవీలో ఆ చోట ఆ ఛానెల్ పడుతుంది. కింది బ్యాండులో పెట్టిన ఛానెల్ లైను చివరి ఇంట్లో కూడా శుభ్రంగా కనిపిస్తుంది. పై బ్యాండులోకి నెట్టారంటే కేబుల్ పొడుగునా సిగ్నల్ తగ్గిపోతూ, చివరి ఇళ్లలో బొమ్మంతా చుక్కలే. పాత టీవీలకైతే ఆ ఫ్రీక్వెన్సీ అసలు పట్టదు. అందుకే మంచి బ్యాండులో చోటు కోసం ఛానెళ్లవాళ్లు పెద్ద ఆపరేటర్లకు క్యారేజ్ ఫీజు కట్టేవారు. కట్టనివాళ్ల ఛానెల్‌ను ఆపేయాల్సిన పనే లేదు, కొంచెం పైకి జరిపితే సరిపోతుంది. ‘ఇస్తూనే ఉన్నాం కదండీ’ అని దర్జాగా చెప్పొచ్చు. జనం ఫోన్ చేసి ‘ఏవండీ, ఆ ఛానెల్ సరిగ్గా రావట్లేదేంటండీ’ అంటే మేం చెప్పాల్సిన జవాబు కూడా తయారుగా ఉండేది: ‘ఆయ్, పైనుంచేనండి, సిగ్నల్ తక్కువుంది.’

అవతల కూర్చున్న మనిషికి ఇందులో నిజమెంతో తెలుసుకునే దారి లేదు. ఛానెల్ బాగాలేదేమో, మన టీవీ పాతదయిపోయిందేమో అనుకుంటాడు. నెట్ న్యూట్రాలిటీ అనే మాట మొదటిసారి విన్నప్పుడు నాకు అర్థమైంది ఇదే. తీగ వేసినవాడు తీగకు డబ్బు తీసుకోవాలి గానీ, అందులోంచి వెళ్లే సరుకుల్లో దేన్ని బాగా పంపాలో, దేన్ని నత్తనడక నడిపించాలో బేరం పెట్టకూడదు.

2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు వేరే డేటా చార్జీ వేస్తామని ప్రకటించి, గొడవ కావడంతో కొన్ని రోజుల్లోనే వెనక్కి తగ్గింది. 2015 మార్చిలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 118 పేజీల సంప్రదింపుల పత్రం బయటపెట్టింది. ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే ఆ యాప్ వాడినంతసేపూ జనానికి డేటా ఖర్చు ఉండదు. ఈ వార్త చదివినప్పుడు మా కంట్రోల్ రూమ్‌లో ఎవరికీ వింతగా అనిపించలేదు. క్యారేజ్ ఫీజుకు కొత్త పేరు పెట్టారు, అంతే. ఫ్లిప్‌కార్ట్ మొదట అందులో చేరబోయి, జనం తిట్టిపోసేసరికి బయటికొచ్చేసింది. ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఆ మెయిళ్లన్నిటినీ పంపినవాళ్ల అడ్రసులతో సహా ట్రాయ్ తన వెబ్‌సైట్‌లో పెట్టేయడం అదో ప్రహసనం.

ఆ తర్వాత ఫ్రీ బేసిక్స్. రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఫేస్‌బుక్ తెచ్చింది. ఎంపిక చేసిన కొన్ని సైట్లు ఉచితం, మిగతా ఇంటర్నెట్‌కు మాత్రం డబ్బు. పేపర్లలో పేజీలకు పేజీలు ప్రకటనలు గుప్పించారు. పేదవాడికి ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి ఉండటం మేలు కదా అన్నది వాళ్ల వాదన. ఆ వాదనను నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఒక జీబీ డేటాకు రెండు వందల పైన పెట్టాల్సిన రోజులవి. మా కలెక్షన్ కుర్రాడే వాట్సాప్ చూసుకుని వెంటనే డేటా ఆఫ్ చేసేవాడు. కానీ ఆ ఉచిత గదిలోకి ఏ సైటును రానివ్వాలో నిర్ణయించేది ఫేస్‌బుక్. తెలుగులో రైతుల కోసం ఎవరైనా సైటు పెట్టుకుంటే, అది ఫేస్‌బుక్ షరతులకు లోబడి దాని గేటు దగ్గర నిలబడాలి. లేదంటే జనానికి అది ‘డబ్బులు పడే సైటు’గా మిగిలిపోతుంది. పై బ్యాండు ఛానెల్ గతే.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఆ కథకు తెర దించింది. కంటెంట్‌ను బట్టి డేటా రేటు మార్చకూడదని నిబంధన తెచ్చింది. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేల రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. పెద్ద కంపెనీలకు ఇది చిల్లరే అనుకోండి, అది వేరే సంగతి. ఆ సెప్టెంబరులోనే జియో వచ్చి మొత్తం డేటా రేటునే కింద పడేసింది. పేదవాడి చేతికి నెట్ వచ్చింది అలా. 2018లో కేంద్రం ఇంకో అడుగు వేసి, కంటెంట్‌ను ఆపడం, నెమ్మదింపజేయడం, ఒకదానికి ప్రత్యేకంగా వేగం ఇవ్వడం కుదరదని సర్వీస్ ప్రొవైడర్ల లైసెన్సులోనే షరతు పెట్టింది.

మధ్యలో ఒక మాట. మా కస్టమర్లు ఇప్పటికీ అడుగుతుంటారు, ‘యూట్యూబ్ గుక్క తిప్పుకోకుండా వస్తుంది, మావాడి కాలేజీ సైటు మాత్రం తెరుచుకోదు, మీరేదో చేస్తున్నారు’ అని. మేమేం చేయట్లేదు. ఎక్కువమంది చూసే వీడియోల కాపీలను దగ్గరలోని సర్వర్లలో ముందే దాచి ఉంచుతారు కాబట్టి అవి వెంటనే వచ్చేస్తాయి. కాలేజీ సైటు ఎక్కడో ఒక మూల చిన్న సర్వర్ మీద ఉంటుంది. ఇలాంటి కాపీ సర్వర్ల ఏర్పాటుకు మన నిబంధనల్లో మినహాయింపు ఉంది. వీడియో ముందుకొస్తుంది గానీ, దాని కోసం పక్కవాడిదేదీ వెనక్కి నెట్టం.

ఇక మీ ప్రశ్నలో రెండో సగం, ప్రభుత్వమూ కంటెంటూ. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఆ 2018 నిబంధనల్లోనే కోర్టు ఉత్తర్వులకు, ప్రభుత్వ ఆదేశాలకు మినహాయింపు ఉంది. నెట్ న్యూట్రాలిటీ కంపెనీ చేతుల్ని కడుతుంది, ప్రభుత్వ చేతుల్ని కాదు. ఒకటి ఉంటే రెండోది దానంతటదే వచ్చేస్తుందనుకుంటే పొరపాటు.

సైట్లను ఆపమనే ఉత్తర్వు మాలాంటి చిన్న ప్రొవైడర్ దగ్గరికి వచ్చేసరికి ఎలా ఉంటుందో చెబుతాను. మెయిల్‌లో ఒక జాబితా వస్తుంది, ఫలానా లింకులు ఆపండి అని. ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్. అంటే కస్టమర్ ఏ సైటుకు వెళుతున్నాడో మాకు తెలుస్తుంది గానీ, అందులో ఏ పేజీ చూస్తున్నాడో కనిపించదు. ఒక్క పేజీని ఆపమంటే మేం ఆపగలిగేది మొత్తం సైటునే. భయపడ్డ ప్రొవైడర్ ఆ పనే చేస్తాడు, లైసెన్సు పోతుందని టెన్షన్ ఉంటుంది కదా. 2012లో ‘దమ్ము’ సినిమా పైరసీ కాపీలను ఆపాలని మద్రాస్ హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకుంటే, దాన్ని చూపించి కొన్ని పెద్ద ప్రొవైడర్లు విమియో, డైలీమోషన్ లాంటి సైట్లను సాంతం మూసేశాయి. ఫలానా లింకులనే ఆపాలి, సైటు మొత్తాన్ని కాదు అని హైకోర్టు జూన్‌లో వివరణ ఇచ్చేదాకా ఆ సైట్లను నమ్ముకున్నవాళ్ల పని ఆగిపోయింది. అది కోర్టు ఉత్తర్వు కాబట్టి కనీసం ఎవరు ఇచ్చారో, ఏం రాశారో తెలిసింది, మళ్లీ అదే కోర్టుకు వెళ్లి సరిచేయించుకునే వీలు దొరికింది.

ఆన్‌లైన్ కంటెంట్‌ను ఆపమనే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద వచ్చే ఉత్తర్వుల్లో ఆ వీలు చాలా తక్కువ. ఆ సెక్షన్ కోసం రాసిన 2009 నిబంధనల్లో పదహారోది గోప్యత గురించి. ఫిర్యాదు, దాని మీద తీసుకున్న చర్య, అన్నీ రహస్యం. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలకు జైలు శిక్ష వేసే 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసిందని అందరికీ గుర్తుంది. అదే తీర్పులో 69ఏను నిలబెట్టిందని గుర్తున్నవాళ్లు తక్కువ. కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, వాటిని కోర్టులో సవాలు చేయొచ్చు కాబట్టి రక్షణ ఉన్నట్టేనని కోర్టు అంది. మరి ఆ కాగితం ఎవరికీ చూపించకపోతే దేన్ని సవాలు చేస్తారు? కస్టమర్ ఫోన్ చేసి ‘ఆ సైటు ఎందుకు రావట్లేదండీ’ అంటే మళ్లీ మాకు ఆ పాత కేబుల్ జవాబే దిక్కు.

మీరు చెప్పే ‘ప్రభుత్వ నియంత్రణ’లో ఉన్న రెండు రకాలకూ తేడా ఇక్కడే. ట్రాయ్ నిబంధన రాసేముందు పత్రం బయటపెట్టింది, కంపెనీల వాదనలూ జనం వాదనలూ తీసుకుంది, వాటి మీద ప్రతివాదనలు కూడా తీసుకుంది, చివరకు ఎందుకలా నిర్ణయించిందో రాసి సంతకం పెట్టింది. నచ్చనివాడు ఆ పత్రం చేత్తో పట్టుకుని తిట్టొచ్చు. రెండో రకంలో ఉత్తర్వు ఉందని కూడా మనకు తెలియదు. మొదటిది కావాలి, రెండోది ఇలా వద్దు అనడంలో నాకు వైరుధ్యం కనిపించదు.

అసలు నిబంధనే లేకుండా వదిలేస్తే స్వేచ్ఛ ఉంటుందనేవాళ్లకు మా కేబుల్ లైనే జవాబు. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొత్తలో, టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానెళ్లు అక్కడి కేబుల్‌లో మాయమైపోయాయి. అది మా సొంత నిర్ణయం అని కేబుల్ ఆపరేటర్లు చెప్పారు, వెనుక ఉన్నది ప్రభుత్వమేనని ఛానెళ్లు ఆరోపించాయి. నిజం ఏదైనా సరే, మీట ఉన్నది నలుగురైదుగురు పెద్ద ఆపరేటర్ల చేతిలో. వాళ్లు పిలిస్తే పలుకుతారన్న నమ్మకం ఏ ప్రభుత్వానికైనా ఉంటే చాలు, ఉత్తర్వుతో పనే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఏ ఛానెల్ కేబుల్‌లో ఉంటుందో, ఏది పోతుందోనన్న చర్చ నడవడం మీరూ చూసే ఉంటారు. ఇంటర్నెట్‌లో కంపెనీలకు ఆ మీట లేకుండా చేస్తే, ప్రభుత్వం చాటుగా వాడుకోవడానికి కూడా అది దొరకదు. కంటెంట్ స్వేచ్ఛ కోరేవాడికి నెట్ న్యూట్రాలిటీ ఎందుకు అవసరమంటే ఇందుకే.

మీట లేకపోతే మొత్తం స్విచ్చే ఆపేస్తారు కదా అంటారా? ఆపేస్తారు. అదీ చూశాం. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలు జరిగాయి, మంత్రి ఇంటికి నిప్పు పెట్టేదాకా వెళ్లింది. జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, జూన్‌లోకి వచ్చాక కూడా కొన్ని మండలాల్లో తెరవలేదు. మా నరసాపురానికి వశిష్ఠ గోదావరి అవతల సఖినేటిపల్లి, అది కోనసీమ. ఇంటినుంచి పని చేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని పంటు ఎక్కి ఇవతలికి వచ్చేవాళ్లు. రేవు దగ్గర టీ కొట్టు బెంచీల మీద, మోటార్ సైకిళ్ల సీట్ల మీద కూర్చుని మీటింగులు. కొంతమందికి మా ఆఫీసులో ఇన్వర్టర్ పక్కన బల్ల వేశాం. వాళ్లలో ఒకమ్మాయి చెప్పింది, నెట్ లేదని మేనేజర్‌కు ఫోన్ చేస్తే ‘ప్రభుత్వ ఆర్డర్ కాపీ పంపు, హెచ్‌ఆర్‌కు పెడతాను’ అన్నాడట. ఆ కాపీ ఎక్కడ దొరుకుతుందని ఆ పిల్ల మమ్మల్ని అడిగింది. కేబుల్ ఆఫీసువాళ్లం కదా, మాకు తెలిసి ఉంటుందని పాపం ఆశ.

గొడవలు జరుగుతుంటే పుకార్లు ఆపాలి, ప్రాణాలు కాపాడాలి, దానికి నేను అడ్డుచెప్పను. కానీ కొబ్బరికాయల వ్యాపారి ఫోన్‌పే ఆగిపోవడానికీ, అమలాపురం మంటలకీ ఏం సంబంధమో కాగితం మీద రాసి చూపించాలి కదా. అప్పుడు అమల్లో ఉన్న 2017 నిబంధనల ప్రకారం ఇలాంటి ఉత్తర్వు రాష్ట్రంలో అయితే హోం శాఖ కార్యదర్శి ఇవ్వాలి, అయిదు పనిదినాల్లోగా సమీక్ష కమిటీ చూడాలి. 2020 జనవరి 10న, కశ్మీర్‌లో నెట్ ఆపడం మీద నడిచిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, కాలపరిమితి లేకుండా నెట్ ఆపడం కుదరదని, ఉత్తర్వులను ప్రచురించి తీరాలని చెప్పింది. ఒక్క ఉత్తర్వు గరిష్ఠంగా 15 రోజులే అమల్లో ఉండాలని అదే ఏడాది నవంబరులో నిబంధన మార్చారు. 2024 నవంబరులో ఆ పాత నిబంధనల స్థానంలో కొత్త టెలికం చట్టం కింద వచ్చిన నిబంధనల్లో, ఉత్తర్వును కారణాలతో, ఏ ప్రాంతం, ఎన్ని రోజులు అన్న వివరాలతో ప్రచురించాలని నేరుగా రాశారు.

కాబట్టి మీ ఊళ్లో ఎప్పుడైనా నెట్ ఆగితే ప్రొవైడర్‌ను తిట్టే ముందు జిల్లా, రాష్ట్ర హోం శాఖ వెబ్‌సైట్లు చూడండి. ఉత్తర్వు కనిపించకపోతే సమాచార హక్కు కింద హోం శాఖకు దరఖాస్తు పెట్టండి: ఉత్తర్వు నంబరు, తేదీ, సంతకం ఎవరిది, సమీక్ష కమిటీ ఎప్పుడు కూర్చుంది, ఏమని తేల్చింది. ‘నెట్ ఎందుకు ఆపారు’ అని అడిగితే శాంతిభద్రతలు అని ఒక్క మాటలో జవాబు వస్తుంది. కాపీలు ఇవ్వమని అడగండి.