సినిమాలో తిరిగిన సైకిల్ పుట్టుపూర్వోత్తరాలు: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ ఫొటోలూ అందాయి. ఫలానా సినిమాలో హీరో తొక్కింది ఈ సైకిలేనని అమ్మినాయన చెప్పిన మాటను గోడకి తగిలించుకుని ఊరుకోకుండా, నిజమెంతో తేల్చుకుంటానన్నావు. చాలా సంతోషమేసింది. నలభై ఏళ్లుగా పాత సైకిళ్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

నువ్వు వెతకాల్సినవి రెండు చరిత్రలు. బండి ఎక్కడ, ఎప్పుడు తయారైందనేది ఒకటి. సినిమావాళ్ల చేతికి ఎలా వెళ్లి, ఎలా బయటికొచ్చిందనేది రెండోది. వీటిని కలగాపులగం చేశావో, ఒకదాంట్లో ఉన్న ఖాళీని రెండోదానితో పూడ్చేస్తావు. 1920ల నాటి కథకి 1950ల సైకిల్ పెట్టేయడం మామూలే. రాడ్ బ్రేకుల రోడ్‌స్టర్ (నిటారుగా కూర్చుని తొక్కే మామూలు సైకిల్) రూపం దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు, తెర మీద ఎవరికీ తేడా తెలియదు. కథ జరిగిన కాలాన్ని చూసి బండి వయసు చెప్పకు.

బండితోనే మొదలుపెట్టు. కానీ ఇప్పుడే తుడవకు. ఈ మాట ఎందుకంటున్నానో చెబుతాను. ఒకసారి నా దగ్గరికి మట్టిరంగు పూత ఉన్న రోడ్‌స్టర్ ఒకటి వచ్చింది. ఎవరో చేతకాక పూసిన రంగనుకుని థిన్నర్‌తో తుడిచేశాను. కింద నిగనిగలాడే నలుపు, దాని మీద సన్నటి బంగారు గీతలు బయటపడ్డాయి. ఎంత మురిసిపోయానో! కొన్ని నెలల తరవాత దాని యజమాని షూటింగు నాటి ఫొటో ఒకటి సంపాదించి తెచ్చాడు. అందులో సైకిల్ చైన్ కవరు మీద ఆ మట్టిరంగు మూడు చారలుగా కారి ఎండిపోయి ఉంది. నేను తుడవకముందు ఆ చారలు బండి మీద ఉన్నాయి, నా కళ్లతో చూశాను. అతనికి కావాల్సిన ఒకే ఒక్క సాక్ష్యం నా గుడ్డముక్కకి అంటుకుపోయింది. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

కెమెరాకి మెరుపు కొట్టకుండా, బండి పాతగా కనబడేలా కళా విభాగం వాళ్లు పైన రంగు పూస్తారు. కంపెనీ పేరు కనబడకూడదంటే బ్యాడ్జీ పీకేస్తారు, లేదా కప్పేస్తారు. అసలు రంగు కావాలంటే ఆ పూత చేరని చోట్ల చూడు: సీటు రాడ్ దిగే గొట్టం లోపల, మడ్‌గార్డు లోపలి వైపు, ఫ్రేములోకి దూరి ఉండే ఫోర్కు గొట్టం మీద.

ఫ్రేము నంబరు ఎక్కువగా సీటు కింద లగ్గు (ఫ్రేము గొట్టాలు కలిసే చోటి తొడుగు) మీద గానీ, పెడల్ ఇరుసు గూడు కింద గానీ, వెనక చక్రం బిగించే చోట గానీ ఉంటుంది. టార్చి ఏటవాలుగా వేస్తే అంకెల గుంటల్లో నీడ పడుతుంది. పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దుకో. వైరు బ్రష్షు మాత్రం ముట్టుకోకు. నంబరు దొరగ్గానే సంవత్సరం దొరికినట్టు కాదు. చాలా కంపెనీల నంబర్ల పుస్తకాలు మిగల్లేదు.

అంతకన్నా తేలిగ్గా మాట్లాడేది వెనక హబ్బు, అంటే చక్రం మధ్యలో పుల్లలు బిగించే భాగం. నీ ఫొటోలో ఉన్నది స్టర్మీ ఆర్చర్ అనే ఇంగ్లీషు కంపెనీ మూడు గేర్ల హబ్బులా ఉంది. అందులో ఏడబ్ల్యూ అనే రకమైతే అది 1936లో వచ్చింది. దాని మీద 58, పక్కన 3 అని ఉంటే 1958 మార్చిలో తయారైనట్టు. అయితే అది హబ్బు పుట్టినరోజే, చక్రం మారి ఉండొచ్చు. అందుకే మిగతావి కూడా అదే కాలం చెబుతున్నాయేమో చూడు. పాత ఇంగ్లీషు రోడ్‌స్టర్లకి ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక 40. పసుపు ఛాయ కొట్టే నికెల్ పూత ఉంటే 1930కి ముందుదై ఉండొచ్చు, నీలి ఛాయ ఉంటే క్రోము. చైన్‌వీల్లో (పెడల్ దగ్గరి పళ్ల చక్రంలో) కొంగ తల ఆకారం ఉంటే అది ఇంగ్లండు కంపెనీ రాలీది. బ్యాడ్జీ లేకపోయినా పెడల్ ఇరుసు గూడు లోపలి మర చుట్లు లెక్కపెట్టు: అంగుళానికి 26 వస్తే రాలీ పద్ధతి, మామూలు బ్రిటిష్ కొలత 24. రాలీ 1957లో బీఎస్ఏ సైకిళ్ల విభాగాన్ని కొనేసింది, కాబట్టి ఆ తరవాత ఇంగ్లండులో బీఎస్ఏ పేరుతో వచ్చిన బండిలో రాలీ భాగాలు కనబడితే కంగారుపడకు.

అక్కడికీ తేలకపోతే 1955 నుంచి బ్రిటన్‌లో నడుస్తున్న పాత సైకిళ్ల అభిమానుల సంఘం వెటరన్ సైకిల్ క్లబ్బుకి రాయి, కంపెనీల వారీగా తెలిసినవాళ్లున్నారు. రాలీ కాగితాలు నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్‌లో, బ్రిటిష్ సైకిళ్ల జాతీయ దస్త్రాలు వార్విక్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఇక సినిమా సంగతి. ఫ్రేము నంబరు తెర మీద కనబడదు. నీ బండినీ తెర మీది బండినీ కలిపేవి మచ్చలే: సొట్ట, అతుకు, వంగిన మడ్‌గార్డు కడ్డీ, ఒకటి మారిన పెడల్. ఒక్కో షాటూ ఆపి చూడు. చైన్ ఎప్పుడూ కుడి పక్కనే ఉంటుంది. ఎడమ పక్కన కనబడితే బొమ్మ తిరగబడిందని అర్థం, అప్పుడు సొట్ట కూడా పక్క మారుతుంది. దగ్గరి షాట్లకి ఒక బండి, పడిపోయే షాట్లకి ఇంకోటి వాడతారు కనుక, ఏ సీన్‌లో ఏ మచ్చ కనిపించిందో విడిగా రాసుకో. ఒక్క సీన్‌లో సరిపోయిందని సినిమా అంతా నీ బండే అనకు.

కంటిన్యుటీ ఫొటోలు (షాటుకీ షాటుకీ తేడా రాకుండా తీసిపెట్టుకునేవి), ప్రాపర్టీ లిస్టు (షూటింగు సామాన్ల జాబితా), అద్దె రసీదు దొరికితే అదృష్టమే. కళా విభాగంలో పనిచేసినవాళ్లు ఎవరైనా దొరికితే ముందుగా నీ ఫొటో చూపించకు. రంగేమిటి, ఎక్కణ్ణుంచి తెచ్చారు, షూటింగయ్యాక ఎవరు పట్టుకెళ్లారు అని అడిగి చెప్పనివ్వు. ముందే చూపిస్తే జ్ఞాపకం ఫొటో వైపు ఒరిగిపోతుంది, వాళ్లు అబద్ధమాడాలని కాదు. చూసింది, విన్నది, ఊహించింది నోటుపుస్తకంలో వేరువేరు పేజీల్లో పెట్టు.

నువ్వు పంపిన మూడో ఫొటోలో సీటు లగ్గు కింద పసుపుపచ్చటి గీత ఒకటి కనిపిస్తోంది. ఇత్తడితో వేసిన అతుకేమోనని నా అనుమానం. అదైతే తెర మీద వెతకడానికి అంతకన్నా మంచి గుర్తు ఉండదు. దాన్ని గీకకుండా, పక్కనుంచి వెలుతురు పడేలా మళ్లీ ఒక ఫొటో తీసి పంపు. హబ్బు మీది అంకెలు కూడా.

మీ మామయ్య