సమితి ఆఫీసంటే ఏ ఆఫీసు?

ప్రశ్న: మాది పొదిలి. మా నాన్నగారు ఎంపీడీఓ ఆఫీసుకు వెళ్తూ ‘సమితికి పోయొస్తా’ అంటారు. తాతయ్యేమో తను ‘బోర్డు స్కూల్లో’ చదివానని, అప్పట్లో మనం నెల్లూరోళ్ళమని చెప్పేవారు. ఈ బోర్డేంటి, సమితేంటి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ నాన్నగారిని తప్పుపట్టకండి. ప్రకాశం జిల్లాలోనే ఒక సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరి, మండల పరిషత్తులో రిటైరైనవాణ్ణి నేను. ఇప్పటికీ నా నోటికీ సమితి అనే వస్తుంది. దిద్దీ దిద్దీ మా ఆవిడ మానేసింది.

ముందు బోర్డు సంగతి. 1884 మద్రాసు చట్టంతో జిల్లా బోర్డులు, వాటి కింద తాలూకా బోర్డులు వచ్చాయి. రోడ్లు, బళ్ళు, ఆసుపత్రులు చూసుకోవడం వాటి పని. పొదిలి వెంకటగిరి రాజావారి జమీందారీలోది. అంటే శిస్తు రాజాకి, బడి బోర్డుకి! 1934లో తాలూకా బోర్డులు రద్దయి, వాటి పనులు జిల్లా బోర్డుకు పోయాయి. మీకది నెల్లూరు బోర్డే. 1970 ఫిబ్రవరి 2న కందుకూరు, కనిగిరి, దర్శితోపాటు పొదిలినీ నెల్లూరు నుంచి తీసి కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు. దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. కాబట్టి తాతగారి మాట అక్షరాలా నిజం.

ఇక సమితి. 1959 నవంబరు 1న రాష్ట్రంలో పంచాయతీ సమితులు మొదలయ్యాయి. సమితిలోని ఊళ్ళ సర్పంచులంతా సభ్యులు, ఆఫీసుకు పెద్ద బీడీఓ, అంటే బ్లాకు అభివృద్ధి అధికారి. మీటింగు రోజున సర్పంచులు పొద్దున బస్సుకే దిగేవాళ్ళు. కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, కండువాతో మొహం తుడుచుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి కూర్చునేవాళ్ళు. మంచినీళ్ళ బావుల లెక్క చదువుతుంటే ఇద్దరు ముగ్గురు కునుకు తీసేవాళ్ళు. టీచర్ల బదిలీల మాట రాగానే మాత్రం అందరికీ మెలకువొచ్చేది. ఎలిమెంటరీ బళ్ళు సమితి చేతిలో ఉండేవి కదా, ఆ నెలంతా మాకు టెన్షనే. జీపు గొడవ ఇంకోటి. ఉన్నది ఒక్కటే, సమితి ప్రెసిడెంటు గారికీ కావాలి, బీడీఓ గారికీ కావాలి. మధ్యలో డ్రైవరు నలిగిపోయేవాడు.

సమితులకు 1970 తర్వాత మళ్ళీ ఎన్నికలు 1981లోనే. ఇంతలో 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. 1986 చట్టంతో సమితులూ పోయి, వాటి చోట మండల పరిషత్తులు వచ్చాయి. మీ నాన్నగారు వెళ్ళే ఎంపీడీఓ ఆఫీసు ఆ మండల పరిషత్తుదే. 1987లో మండలాధ్యక్షులను జనమే నేరుగా ఎన్నుకున్నారు. ఆఫీసు దగ్గరికొచ్చింది, అది మంచిదే. మర్రిపూడి, కొనకనమిట్ల వైపు వాళ్ళు ప్రతి చిన్న పనికీ తాలూకా ఊరు రావాల్సిన బాధ తప్పింది. నాకు నచ్చనిది తర్వాత జరిగింది. 1994 చట్టంతో మండలంలో ఎంపీటీసీలు సభ్యులయ్యారు, సర్పంచికి ఓటు లేకుండా ఆహ్వానితుడి కుర్చీ మిగిలింది. ఊరి బావి సంగతి తెలిసినవాడికి చెయ్యెత్తే హక్కు లేకపోవడం ఏం పద్ధతో!

మా సమితి మూడు మండలాలైనప్పుడు సామాను పంపకం నా నెత్తినే పడింది. కుర్చీలు, బెంచీలు ఎలాగో పంచాను. తెలుగు టైపు మిషను ఒక్కటే ఉంది, దానికోసం ముగ్గురు అధికారులు మూడు ఉత్తరాలు రాశారు. అవి కూడా ఆ మిషను మీద నాతోనే కొట్టించారు. చివరికది పాత ఊళ్ళోనే ఉండిపోయింది. నేను మాత్రం రెండు ఇనప పెట్టెల ఫైళ్ళతో బస్సెక్కి, ఒక అద్దె ఇంట్లో దిగాను. అదే కొత్త మండలాఫీసు.

మీ నాన్నగారు ఈసారి ‘సమితికి’ వెళ్తే అక్కడ పాత బీరువాలేమైనా ఉన్నాయేమో చూడమనండి. వెనకవైపు తెల్ల పెయింటుతో ‘పం.స.’ అని, కింద ఒక నంబరు ఉంటే ఉండొచ్చు. మా సామాను మీద అలాగే రాయించేవాళ్ళం.