టెక్ సందేహాలు: మానిఫోల్డ్‌లో ఒక బోల్టు లేదు, కొత్తది బిగిస్తే చాలా?

ప్రశ్న: మా పెట్రోల్ కారుకి పదిహేనేళ్లు దాటాయి. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ దగ్గర టిక్ టిక్ అని శబ్దం వస్తోంది, పది నిమిషాలు నడిపితే తగ్గిపోతోంది. బానెట్ ఎత్తి చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోంచి వచ్చే పొగను సైలెన్సర్ గొట్టంలోకి పంపే భాగం) చివర ఒక బోల్టు లేదు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ యాప్ ఫోన్‌లో పీ0171 అని చూపిస్తోంది. అదే సైజు బోల్టు తెచ్చి బిగిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోవచ్చు, కానీ బోల్టు కొనేముందు ఒక్కసారి ఆ రంధ్రంలోకి చూడండి. బోల్టు పోయిందనుకున్న చోట చాలాసార్లు బోల్టు అక్కడే ఉంటుంది, తల తెగి రాలిపోయి మిగతాదంతా ఇంజన్ హెడ్‌లో (మానిఫోల్డ్‌ని బిగించే ఇంజన్ పైభాగం) ఇరుక్కుని ఉంటుంది. వదులై మొత్తం ఊడిపోయిందా, తెగిందా అన్నదాన్ని బట్టే ఇది అరగంట పనా, రెండు రోజుల పనా అని తేలుతుంది. ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరా ఇలాంటి మూలలకి బాగా పనికొస్తుంది, లేకపోతే చిన్న అద్దం, టార్చి చాలు. సన్నటి తీగ పెట్టి చూడండి. లోతుగా దిగి, చుట్టూ మరలు కనిపిస్తే రంధ్రం ఖాళీ. మానిఫోల్డ్ మందం దాటగానే టక్కున ఆగి, గరుకైన గుండ్రటి ముఖం కనిపిస్తే అది తెగిన ముక్క.

చివరి బోల్టే పోవడంలో వింతేమీ లేదు. మానిఫోల్డ్ పోత ఇనుము, హెడ్ సాధారణంగా అల్యూమినియం, వేడికి రెండూ ఒకేలా సాగవు, ఆ లాగుడు చివర్లలోనే ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు అక్కడ సందు ఉంటుంది, వేడెక్కాక మూసుకుంటుంది. అందుకే మీ టిక్ టిక్ పది నిమిషాలకి ఆగిపోతోంది. గాస్కెట్ (మానిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య లీకు ఆపే పలక) అంచున నల్లటి మసి చార కూడా కనిపించాలి.

ఇక పీ0171. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని కంప్యూటర్ అనుకుంటోందని దాని అర్థం. ఆ సందులోంచి పొగ బయటికి కొట్టడమే కాదు, మధ్య మధ్యలో బయటి గాలి లోపలికి కూడా వెళ్తుంది, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి మోసపోతుంది. ఈ కోడ్‌కి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ లీకు కళ్లెదుట పెట్టుకుని సెన్సర్ మార్చకండి. అంతకన్నా ముఖ్యం, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, రంగు లేదు, వాసన లేదు. బాగయ్యేదాకా తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపొద్దు, కారులో కూర్చున్నప్పుడు తలనొప్పి వస్తే వెంటనే ఆపి బయటికి వచ్చేయండి.

రంధ్రం ఖాళీగా ఉంటే మీరే చేసుకోవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాక పక్క బోల్టు ఒకటి నెమ్మదిగా తీసి దాన్నే నమూనాగా పెట్టుకోండి. మొండికేస్తే బలవంతం చేయకండి, అది కూడా తెగితే ఒకటి రెండవుతుంది. మందం ఒక్కటే చూస్తే కుదరదు: 8 ఎంఎం బోల్టుకి మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం సాధారణంగా 1.25 ఎంఎం ఉంటుంది, కానీ 1.0 ఎంఎం మరవీ ఉన్నాయి, తప్పుది తిప్పితే అల్యూమినియం మరలు పోతాయి. తల మీద బోల్టు బలాన్ని చెప్పే 8.8, 10.9 లాంటి అంకె ఉంటుంది, అదీ కలవాలి. మామూలు ఇనుప సామాన్ల బోల్టు ఈ వేడికి ఆగదు. కొత్తది చేత్తోనే నాలుగైదు చుట్లు తేలిగ్గా దిగాలి. ఆ తర్వాతే టార్క్ రెంచ్ (ఎంత బిగువుతో తిప్పుతున్నామో కొలిచే పానా), అదీ మీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్‌లో రాసిన అంకెకే. కొన్ని ఇంజన్లలో ఈ రంధ్రాలు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు) ఉండే చోటికి తెరుచుకుంటాయి, బోల్టు తీయగానే నీళ్లు కారితే మరలకి సీలెంట్ రాయాలి.

తెగిన ముక్క ఉంటే నా సలహా సూటిగా చెప్తాను: కొంచెం బయటికి పొడుచుకుని ఉంటేనే ప్రయత్నించండి. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలి, గ్రిప్ ప్లయర్‌తో అటూ ఇటూ కదుపుతూ తిప్పండి. లోపలికి ఉంటే చేయి తిరిగిన మెకానిక్కుకే అప్పగించండి. ఆయన దాని మీద నట్టు వెల్డ్ చేసి తిప్పుతారు, ఆ వేడికే సగం పట్టు వదులుతుంది. సొంతంగా డ్రిల్లు పెట్టి, తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ (తెగిన బోల్టును పట్టి బయటికి తిప్పే గట్టి ఉక్కు పనిముట్టు) దించి, అది లోపలే విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని కొరకలేదు, ఆ తర్వాత హెడ్ దించాల్సి రావచ్చు. మానిఫోల్డ్ ఎలాగూ దించితే గాస్కెట్ మార్చండి, స్టీల్ స్కేలు ఆనించి వంకర ఉందేమో చూడండి, వంకర అలాగే ఉంటే కొత్త బోల్టూ తెగుతుంది.

బిగించాక కోడ్ తుడిచేసి రెండు మూడు రోజులు నడపండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బోల్టుల బిగువు మరోసారి చూడండి. శబ్దం పోయినా పీ0171 మళ్లీ వస్తే, ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే) వైపు రబ్బరు గొట్టాల్లో పగుళ్లు వెతకండి.