సల్సా రైట్ టర్న్: చెయ్యి లాగొద్దు, ముందే ఎత్తండి
సల్సా డాన్స్‌లో రైట్ టర్న్ (మీరు ఎత్తిన చేతి కింద పార్ట్‌నర్ కుడివైపుకి ఒక చుట్టు తిరగడం) చేసేటప్పుడు మీ పార్ట్‌నర్ సగం తిరిగి ఆగిపోతున్నారు, పైగా భుజం లాగేస్తోందంటున్నారు అని రాశారు కదా, నాకైతే తప్పు తిప్పడంలో కాదు, చెయ్యి ఎత్తే టైమింగ్‌లో ఉందనిపిస్తోంది. సల్సాలో అడుగుల్ని 1 నుంచి 8 వరకు లెక్కపెడతాం కదా, మీరు 5లో ఎత్తుతున్నట్టున్నారు, అప్పటికే ఆలస్యం. ఆన్ వన్‌లో (అంటే 1లోనే ముందుకు అడుగేసే పద్ధతిలో) చేస్తుంటే 1, 2లో మామూలు బేసిక్ అడుగులు వేసి 3కల్లా మీ ఎడమ చెయ్యి పైకి వెళ్లిపోవాలి, అప్పుడు తిరగమంటున్నారని వాళ్లకి అర్థమై 5, 6, 7లో వాళ్లంతట వాళ్లే తిరుగుతారు. మనం చేసేది దారి చూపించడమే.

ఇక పట్టు. బొటనవేలితో బిగించి పట్టుకుంటే వాళ్ల మణికట్టు మెలిపడుతుంది (మొదట్లో నేనూ బస్సులో కడ్డీ పట్టుకున్నట్టే పట్టుకునేవాణ్ణి). రెండు వేళ్లు వదులుగా ఇవ్వండి, వాళ్ల చెయ్యి వాటి చుట్టూ జారనివ్వండి. మీ చెయ్యి సరిగ్గా వాళ్ల నడినెత్తి మీద, జుట్టుకి కాస్త పైన చిన్న సున్నా చుడితే చాలు, పక్కకి పోయిందా బ్యాలెన్స్ పోయినట్టే.

మ్యూజిక్ లేకుండా నెమ్మదిగా లెక్కపెట్టుకుంటూ ఓ పదిసార్లు చేసి చూడండి. అప్పటికీ భుజం లాగుతోందంటే మీ మోచెయ్యి బిగుసుకుంటోందేమో చూసుకోండి.