ఆట ఆపేశారా, ఆపి ఉంచారా?

సందేహం: మాది కావలి. ఉద్యోగం నెల్లూరులో, రోజూ రైల్లో రాకపోకలు. దారిలో చేతి కన్సోల్‌లో కథ దండిగా ఉండే ఆర్పీజీలు (కథలో ఒక పాత్ర మనమే అయి నడిపే వీడియో ఆటలు) ఆడతాను, పూటకు అరగంట. మొన్న ఇంట్లో "ఆ ఆట ఆపేశాను" అన్నాను. మా చెల్లెలు "ఇంక ఆడవు గదా, నాకిచ్చెయ్" అని కన్సోల్ తీసేసుకుంది. నేనన్నది ఆ పూటకు ఆపానని. నా మాటలో తప్పుందా? 'సేవ్ చేశాను' అనడానికి 'దాచిపెట్టాను' అనవచ్చా?

సమాధానం: మీ మాటలో తప్పు లేదు, మీ చెల్లెలు విన్నదాంట్లోనూ తప్పు లేదు. చిక్కంతా 'వేయు' దగ్గరుంది. ఆపి, వేశాను కలిసి 'ఆపేశాను' అయింది. ఇలా చేరినప్పుడు 'వేయు' తన సొంత అర్థం వదులుకొని, పని తెగిపోయిందని చెబుతుంది. "వాడు చదువు ఆపేశాడు" అంటే ఇక బడి మొహం చూడడు. మరి "ఫ్యాను ఆపేసి రా" అంటే? ఆ ఫ్యాను మళ్లీ తిరగదని ఎవరూ అనుకోరు. యంత్రాన్ని ఆపేస్తే ఆ పూటకే. రోజుల తరబడి సాగే పనిని ఆపేస్తే ఇక అంతే. మీ ఆట రెండూనూ. చేతిలో ఉన్నది యంత్రం, అందులో నడిచేది 40, 50 గంటల కథ. మీరు యంత్రాన్ని తలుచుకొని అన్నారు, ఆమె కథను తలుచుకొని విన్నది.

మీకు కావలసిన మాట 'ఆపి ఉంచాను'. "పిండి రుబ్బి ఉంచాను" అంటే దోసెలు ఇంకా పోయాలి. "కాలవకు నీళ్లు ఆపి ఉంచారు" అంటే తర్వాత వదులుతారు. 'ఉంచు' చేరిందంటే వెనకాల ఇంకో పని ఎదురుచూస్తోందన్నమాట. పడుగుపాడు దాటి రైలు పెన్న వంతెన ఎక్కగానే మీరు బటన్ నొక్కుతారు. తెర ఆరిపోతుంది. మీ వీరుడు ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోతాడు. సాయంత్రం తిరుగు రైల్లో మళ్లీ నొక్కితే ఆ కత్తి అక్కడి నుంచే దిగుతుంది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లోనూ, 2022 నాటి స్టీమ్ డెక్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. దీనికి 'ఆపి ఉంచడం' కన్నా అతికే మాట నాకు కనబడదు.

సేవ్ సంగతి వేరు. అలా తెర ఆర్పి ఆపి ఉంచిన ఆట, బ్యాటరీ పూర్తిగా అయిపోతే పోవచ్చు. సేవ్ చేసింది నిల్వలో ఉంటుంది. దాన్ని 'దాచిపెట్టాను' అనకండి, ఎవరి కంటా పడకుండా దాచారనుకుంటారు. 'దాచుకున్నాను' అనండి. 'పెట్టు' పోయి 'కొను' వచ్చేసరికి గుట్టు పోయి జాగ్రత్త వస్తుంది. 'సేవ్ చేసుకున్నాను' అన్నా నాకు అభ్యంతరం లేదు, అది ఇప్పుడు మన మాటే. 1986లో జపానులో వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్ అనే ఆర్పీజీలో సేవ్ చేసే వీలే లేదు. ఆపేముందు ఆట 20 అక్షరాల మంత్రం ఒకటి చూపేది. దాన్ని కాగితం మీద ఎక్కించుకొని మర్నాడు తప్పు లేకుండా కొట్టాలి. ఒక్క అక్షరం పొరపాటు రాసుకుంటే ఆ మంత్రం పారదు. దాచుకోవడమంటే అక్షరాలా రాసుకోవడమే ఆ రోజుల్లో.

మీరు అడగలేదు గానీ, కథను 'ఆడడం' ఏమిటని సందేహించేవారూ ఉన్నారు. తోలుబొమ్మలాట ఆడిన జిల్లా మనది! రామాయణాన్ని తెర మీద ఆడించి, దాన్ని 'ఆట' అన్న భాషకు ఆర్పీజీ కొత్త కాదు.

ఇక సేవ్ చేసుకునే చోటుకు నేను 'మజిలీ' అంటాను. అరబ్బీ నుంచి వచ్చి మన దారుల్లో స్థిరపడిన మాట. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు పశువుల కాపరి కుర్రాడికి మజిలీకొక కథ చెబుతూ కాశీకి నడుస్తాడు. నడక ఆగిన చోట కథ, మళ్లీ నడక. మీది కొంచెం తిరగేసిన పద్ధతి: రైలు నడిచినంతసేపూ కథ, దిగితే మజిలీ.

చెల్లెలితో ఈసారి మన నెల్లూరు మాటలోనే చెప్పండి: "ఆపేయలేదమ్మా, ఆడతానే ఉండా. పొద్దన మజిలీ దగ్గర ఆపి ఉంచా, అంతే."