ఒకే పేరు వెనుక ఎన్ని వంశాలు?

ప్రశ్న: నేను జంతుశాస్త్ర విద్యార్థినిని. పక్షుల మలేరియాకు ప్లాస్మోడియం రెలిక్టమ్ అనే పరాన్నజీవి కారణమని మా పాఠంలో ఉంది. పరిశోధన వ్యాసాల్లో మాత్రం ఎస్‌జీఎస్1, జీఆర్‌డబ్ల్యూ4 అంటూ పొడి అక్షరాల పేర్లు కనిపిస్తున్నాయి. సూక్ష్మదర్శినిలో ఒకేలా ఉండే జీవికి ఇన్ని పేర్లు ఎందుకు మేడమ్? నిజంగా అంత తేడా ఉందా?

జవాబు: ఉంది. ఆ సంగతి నాకు రెండు స్లైడ్లు నేర్పాయి. రెండూ జీమ్సా రంగు వేసిన రక్తపు పూతలు. రెండింటిలోనూ ఎర్ర కణం లోపల గుండ్రంగా ఎదిగిన పరాన్నజీవి, దాని ఒత్తిడికి కణం అంచుకు జరిగిపోయిన కేంద్రకం. రెలిక్టమ్‌కు ఇది మంచి గుర్తు. ఏ అనుమానమూ లేకుండా రెండింటి మీదా ఒకే పేరు రాశాను. తరువాత అవే పక్షుల రక్తం నుంచి తీసిన డీఎన్ఏ చదివితే రెండు వేర్వేరు వంశాలని తేలింది. ఆ రోజు స్లైడ్లను మళ్ళీ బల్ల మీద పెట్టి సాయంత్రం దాకా చూశాను. కంటికి ఒక్క తేడా కూడా దొరకలేదు.

ఆ చదివేది పరాన్నజీవి మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి అనే జన్యువులో ఒక ముక్క. అందులో 479 డీఎన్ఏ అక్షరాలు ఉంటాయి. ప్రపంచమంతా ఇదే ముక్కను చదవడం వల్ల ఒక ఖండంలో దొరికిన దాన్ని మరో ఖండంలో దొరికిన దానితో నేరుగా పోల్చవచ్చు. 2009లో మొదలైన మాల్‌ఏవి అనే ఉమ్మడి సమాచార నిధిలో ఈ వంశాలు ఇప్పటికి కొన్ని వేలు చేరాయి. ఒక్క అక్షరం మారినా కొత్త వంశంగా నమోదు చేస్తారు. మీరు చూసిన పొడి అక్షరాలు చాలావరకు ఆ వంశం మొదట దొరికిన పక్షి పేరు నుంచి వచ్చినవి. జీఆర్‌డబ్ల్యూ అంటే గ్రేట్ రీడ్ వార్బ్లర్, రెల్లు పొదల్లో గూడు కట్టే ఒక వలస పిట్ట.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒక అక్షరం తేడా ఉన్నంత మాత్రాన అది కొత్త జాతి అయిపోదు. వంశం అన్నది మనం పెట్టుకున్న గుర్తు, జాతి అన్నది అంతకంటే పెద్ద మాట. విద్యార్థులు ఈ రెండింటినీ కలిపేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ తరువాత లెక్కలన్నీ తప్పుతాయి.

పైగా ఈ పని చెప్పినంత సులువు కాదు. మన ఎర్ర రక్తకణాలకు కేంద్రకం ఉండదు, పక్షుల ఎర్ర కణాలకు ఉంటుంది. అంటే చిన్న రక్తపు బొట్టులో కూడా పక్షి డీఎన్ఏ కుప్పలుగా ఉంటుంది. పాతబడిన ఇన్‌ఫెక్షన్‌లో పదివేల కణాలు వెతికినా ఒక్క పరాన్నజీవి దొరక్కపోవచ్చు. గడ్డివాములో సూదిని వెతికినట్టే. అందుకే ఒక్కో పరాన్నజీవిలో చాలా ప్రతులుగా ఉండే మైటోకాండ్రియా జన్యువును ఎంచుకున్నారు, డీఎన్ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచే పీసీఆర్ పద్ధతిని రెండు విడతలుగా చేస్తారు. మరో చిక్కు కూడా ఉంది. ఒకే పక్షిలో రెండు మూడు వంశాలు కలిసి ఉండడం మామూలే. అప్పుడు డీఎన్ఏ చదివిన ఫలితం గీతలో ఒకే చోట రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి లేస్తాయి. వాటిని ‘పాడైన ఫలితం’ అని పక్కన పడేయవద్దని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ చెప్పాను. పక్షి ఒంట్లో ఉన్న అసలు పరిస్థితి ఆ జంట శిఖరాల్లోనే ఉంటుంది.

ఇంత కష్టపడి విడదీస్తే ఏం తెలుస్తుంది? జీఆర్‌డబ్ల్యూ4నే చూడండి. స్వీడన్‌లో గూడు కట్టే గ్రేట్ రీడ్ వార్బ్లర్లు చలికాలాన్ని ఆఫ్రికాలో గడుపుతాయి. తిరిగి వచ్చిన పెద్ద పక్షుల రక్తంలో ఈ వంశం దొరుకుతుంది. ఇంకా వలస ఎరగని ఆ ఏటి పిల్లల్లో కనిపించదు. అంటే పక్షి దీన్ని ఆఫ్రికాలో అంటించుకుని యూరప్‌కు మోసుకొస్తోందన్నమాట. ‘రెలిక్టమ్’ అని ఒకే పేరు రాసుకుని ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు, ఎందుకంటే అదే జాతికి చెందిన ఎస్‌జీఎస్1 యూరప్‌లో కూడా దోమల ద్వారా వ్యాపిస్తుంది.

ఇదే జీఆర్‌డబ్ల్యూ4 హవాయి దీవుల్లో చేసిన విధ్వంసం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ దీవుల్లో అసలు దోమలే ఉండేవి కావు. క్యూలెక్స్ దోమ 1826లో ఓడతో వచ్చింది, పరాన్నజీవి ఆ తరువాత ఎప్పుడో చేరింది. అక్కడి హనీక్రీపర్ పిట్టలు లక్షల ఏళ్లుగా ఈ జబ్బు ఎరుగవు. ఈఈవీ అనే ఎర్రపిట్ట మీద జరిపిన ప్రయోగంలో జబ్బు మోసే దోమ ఒక్కటి కుట్టిన పక్షుల్లో 90 శాతం చనిపోయాయి. పరాన్నజీవిలో వైవిధ్యం ఎక్కువైతేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. హవాయిలో వ్యాపించింది సైటోక్రోమ్ బి ప్రకారం ఈ ఒక్క వంశమే, అదీ పరిచయం లేని పక్షులకు చాలింది. మిగిలిన పిట్టలకు ఎత్తైన కొండల చలే రక్షణ, ఎందుకంటే సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో పరాన్నజీవి దోమ కడుపులో ఎదగలేదు. వాతావరణం వేడెక్కే కొద్దీ ఆ రక్షణ కొండ శిఖరం వైపు కుంచించుకుపోతోంది. అమాకిహి అనే మరో పిట్టలో మాత్రం పల్లపు ప్రాంతపు గుంపులు కొన్ని జబ్బును తట్టుకుని బతుకుతున్నాయి. ఈ వార్త నాకు ఎంత ఊరటనిచ్చిందో మాటల్లో చెప్పలేను.

ఇంకొక్క మాట. మైటోకాండ్రియా ముక్క ఒక్కటే చూస్తే ఒకే వంశం అనిపించినవి, ఎంఎస్‌పీ1 లాంటి కేంద్రక జన్యువును చదివితే మళ్ళీ విడిపోతాయి. పరాన్నజీవి పైపొర ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు అది, పక్షి రోగనిరోధక శక్తికి ఎదురుపడేది ఆ పొరే. నన్నడిగితే రాబోయే పని అంతా అక్కడే ఉంది.

ప్రశ్న: పక్షుల నుంచి ఈ మలేరియా మనుషులకు సోకుతుందా?

జవాబు: సోకదు. మనుషుల్లో జబ్బు కలిగించే ప్లాస్మోడియం జాతులు వేరు. కానీ మన మలేరియా గురించి తెలిసిన దాంట్లో పక్షుల రుణం పెద్దది. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడ మీద పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్, మరుసటి ఏడాది కలకత్తాలో పిచ్చుకల వంటి పక్షుల మలేరియా మీద పనిచేసి, అది దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుతో మరో పక్షికి సోకుతుందని చూపించాడు.

ప్రశ్న: జబ్బుతో ఉన్న పక్షి ఎగురుతూ, పాడుతూనే ఉంటుందట. అలాంటప్పుడు నష్టమేముంది?

జవాబు: నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. స్వీడన్‌లో ఆ వార్బ్లర్లనే ఏళ్ల తరబడి గమనించి 2015లో ప్రకటించిన ఫలితం నా అభిప్రాయం మార్చింది. పైకి ఏ లక్షణమూ లేని పాత ఇన్‌ఫెక్షన్ ఉన్న పక్షుల్లో క్రోమోజోముల చివరలు, అంటే టెలోమియర్లు, త్వరగా అరిగిపోయాయి. ఆ పక్షులు తక్కువ కాలం బతికాయి, తక్కువ పిల్లలను కన్నాయి.

ప్రశ్న: పక్షులను పట్టుకోకుండా దోమల మీదే ప్రాజెక్టు చేయవచ్చా?

జవాబు: తప్పకుండా చేయండి. అనుమతి, శిక్షణ లేకుండా అడవి పక్షి మీద చెయ్యి వేయకూడదు కాబట్టి మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. దోమ పొట్టనూ ఛాతీనీ మాత్రం విడివిడిగా పరీక్షించండి. పొట్టలో డీఎన్ఏ దొరికితే అది తాగిన రక్తంతో పాటు వచ్చిందే కావచ్చు. లాలాజల గ్రంథులు ఛాతీ భాగంలో ఉంటాయి. అక్కడ స్పోరోజోయిట్లను, అంటే కాటుతో సోకే దశలోని పరాన్నజీవులను, కళ్లారా చూస్తేనే ఆ దోమ ఆ వంశాన్ని మోస్తోందని రాయండి. పొట్టలోని రక్తాన్నీ పారేయవద్దు, అది ఏ పక్షిదో తెలుసుకోవచ్చు.