తుఫాను సాయంత్రం, ఘంటసాల పాట

ప్రశ్న: తుఫాను వల్ల పొద్దుటి నుంచీ విశాఖలో ఒకటే వాన, కరెంటు లేదు. సాయంత్రం కాస్త తెరిపి ఇచ్చాక అమ్మని ఘంటసాల పాటల కచేరీకి తీసుకెళ్లాను. తబలా ఆయన పాట పాటకీ సుత్తితో కొడుతూనే ఉన్నారు, ఎందుకండీ? అమ్మేమో మొదటి పాట నుంచీ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చెమ్మ వల్లేనమ్మా. తేమకి తబలా తోలు సాగి శ్రుతి దిగిపోతుంది, అందుకే అంచు మీద కొట్టి, తోలుపట్టీల కిందున్న చెక్కముక్కల్ని జరిపి మళ్లీ బిగిస్తారు. అంత ఓపిక ఉన్న కళాకారుడు దొరకడం మీ అదృష్టం. ఇక అమ్మగారి సంగతి. ఘంటసాల 1974లో పోయారు, కానీ వాద్యకారులందరూ గాయకుడితో కలిసి కూర్చుని ఒకేసారి రికార్డు చేసిన రోజుల పాటలవి, స్టేజీ మీద వింటే గుండెకి తగులుతాయి. ఏ పాటకి ఎవరు గుర్తొచ్చారో నెమ్మదిగా అడగండి, తప్పకుండా చెబుతారు.